టకటక ఖరీదెంత?

సూరత్‌లో రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన మనిషి నడుం వాల్చే వేళకు ఇంట్లో పిల్లలు నిద్ర లేస్తారు. నగరం దక్షిణపు అంచున, పాండేసర పారిశ్రామికవాడ వైపున్న వడోద్ లాంటి చోట్ల కార్మికుల అద్దె ఇల్లంటే చాలాసార్లు ఒకే గది. వంట, చదువు, నిద్ర అన్నీ అందులోనే. ఈమధ్య కొన్ని ఇళ్లలో ఓ మూల పాత కంప్యూటర్ కూడా చేరింది. ఇంటర్ అయిన కొడుకో కూతురో టైపింగ్ పరీక్షకని కొత్త కీబోర్డు అడిగితే, ఆ కోరికలో సగం పరీక్షకూ సగం ఆటకూ అని పెద్దలకు తెలియకపోదు. అయినా కొనాలి. మూడొందలది కొనాలా, మూడు వేలదా?

నాలుగు గదులున్న ఇంట్లో ఇది సరదా ప్రశ్న. ఒకే గది ఉన్న ఇంట్లో మాత్రం దీనికి రెండు పార్శ్వాలున్నాయి. ఒకటి పిల్లల ఉద్యోగం, రెండోది తండ్రి నిద్ర.

సూరత్‌లో ఆరు లక్షలకు పైగా మరమగ్గాలున్నాయని పరిశ్రమ వర్గాలు చెబుతాయి. వాటి వెంట ఒడిశా నుంచీ, ఉత్తరప్రదేశ్ నుంచీ, మహారాష్ట్ర నుంచీ వచ్చినట్టే వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలూ వచ్చాయి. లింబాయత్ వంటి పేటల్లో తెలుగువారు తరాలుగా ఉన్నారు. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు ఏడు మాధ్యమాల్లో నడుస్తాయి. గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు ఆ ఏడింట్లో తెలుగు కూడా ఉంది. సిరిసిల్లలో ‘సాంచా’ అనేదాన్ని నడిపే షెడ్డును ఇక్కడ ‘ఖాతా’ అంటారు. ఖాతాలో షిఫ్టు అంటే సాధారణంగా పన్నెండు గంటలు. మగ్గం నుంచి బల్ల దగ్గరికి, అంటే క్లర్కు ఉద్యోగానికో, డీటీపీ పనికో, ఎంబ్రాయిడరీ డిజైన్లు గీసే కంప్యూటర్ ముందుకో చేరాలనుకునే తరానికి కీబోర్డు పనిముట్టు. ఆట వస్తువు అవునా కాదా అన్నది తర్వాతి మాట.

ముందు ఈ రెండు రకాల పొట్ట విప్పి చూడాలి. మెంబ్రేన్ కీబోర్డులో మీటల కింద రబ్బరు గుమ్మటాలుంటాయి. వాటి కింద మూడు పల్చటి ప్లాస్టిక్ పొరలు. పైదానికీ కిందిదానికీ విద్యుత్తు ప్రవహించే గీతలు అచ్చువేసి ఉంటాయి. మధ్యదానికి మీట మీటకూ ఒక రంధ్రం. మీట నొక్కితే గుమ్మటం కుంగుతుంది, రంధ్రంలోంచి పై పొర కింది పొరను తాకుతుంది, అక్షరం పడుతుంది. అందువల్ల మీటను దాదాపు అడుగుదాకా నొక్కాల్సిందే. మెకానికల్‌లో ప్రతి మీటకూ విడిగా ఒక స్విచ్, అందులో ఒక స్ప్రింగు, లోహపు రేకులు ఉంటాయి. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ 1980ల తొలినాళ్లలో తెచ్చిన ఎంఎక్స్ స్విచ్‌లే ఇప్పటికీ కొలబద్ద. వాటి ‘రెడ్’ రకంలో మీట మొత్తం నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, అక్షరం మాత్రం రెండు మిల్లీమీటర్ల దగ్గరే పడుతుంది. ‘బ్లూ’ అయితే అక్షరం పడేచోట టక్కుమంటుంది. ‘బ్రౌన్’ శబ్దం చేయదు గానీ వేలికి చిన్న గతుకు తగులుతుంది. చెర్రీ పేటెంట్ల గడువు ముగిశాక చైనా కంపెనీలు అదే నమూనాలో స్విచ్‌లు గుట్టలుగా పోశాయి. మెకానికల్ కీబోర్డు మధ్యతరగతికి అందడానికి కారణం అదే.

రెండు కులాలుగా విడదీసి మాట్లాడటం అలవాటైంది కానీ చరిత్రలో ఆ గీత అంత స్పష్టంగా లేదు. మెకానికల్ అభిమానులు నేటికీ నెత్తిన పెట్టుకునే ఐబీఎం ‘మోడల్ ఎం’ 1985 నాటిది. బరువైన ఆ కీబోర్డులో స్ప్రింగు వంగి టక్కుమనే మాట నిజమే. ఆ స్ప్రింగు వెళ్లి తాకేది మాత్రం మెంబ్రేన్ పొరనే.

మన దేశంలో మెకానికల్ అంటే గేమర్లు కనిపెట్టిందేమీ కాదు. రంగురంగుల దీపాలు రాకముందే బ్యాంకు కౌంటర్ల మీద, రిజర్వేషన్ కేంద్రాల్లో, డీటీపీ సెంటర్లలో టీవీఎస్ గోల్డ్ టకటకలాడుతూ ఉండేది. పాత గోల్డ్‌లలో ఉన్నవి చెర్రీ బ్లూ స్విచ్‌లే. అవతలి మనిషికి అది మెకానికల్ అన్న సంగతే తెలియదు, ‘టీవీఎస్ కీబోర్డు’ అంతే. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో రెమింగ్టన్, గోద్రెజ్ మిషన్ల మీద లోయర్, హయ్యర్ పాసై వచ్చినవారి వేళ్ల బరువుకు అదే ఆగింది. రబ్బరు గుమ్మటాలు ఆ దెబ్బలకు ఆర్నెల్లలో చతికిలబడేవి. గోద్రెజ్ టైపు మిషన్ల తయారీ ఆపేసిందని 2011లో వార్తలు వచ్చినప్పుడు చాలామంది నిట్టూర్చారు. అప్పటికే ఆ చప్పుడు బ్యాంకుల్లో మరో రూపంలో స్థిరపడి ఉంది.

తెలుగు టైపు చేసేవారికి మన్నిక ఎందుకు ముఖ్యమో ఇంగ్లీషు సమీక్షలు చెప్పవు. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి ఆరు నొక్కులు కావాలి. స, పొల్లు, త, పొల్లు, ర, చివర దీర్ఘం. ఇంగ్లీషు మీటల్లో చెప్పాలంటే ఎం, డి, ఎల్, డి, జె, ఆర్. ప్రతి ఒత్తుకూ ‘డి’ మీటను తాకాల్సిందే.  గంటకు 8,000 నొక్కుల చొప్పున రోజుకు ఆరు గంటలు, ఏడాదికి 300 రోజులు పనిచేసే ఆపరేటర్ ఏడాదిలో కోటీ 44 లక్షల సార్లు మీటలు నొక్కుతాడు. పన్నెండింట ఒకటి పొల్లు అనుకున్నా ఒక్క ‘డి’ మీదే 12 లక్షలు. మామూలు మెంబ్రేన్ మీటకు తయారీదారులు చెప్పే ఆయుష్షు 50 లక్షల నుంచి కోటి నొక్కులు. చవకదైతే నాలుగేళ్లకు ‘డి’ పని సరి. మెకానికల్ స్విచ్‌కు సాధారణంగా చెప్పేది ఐదు కోట్లు. అంటే నలభై ఏళ్లు. అంతకాలం కంప్యూటరే ఉండదు, ఆపరేటర్ కూడా రిటైరవుతాడు. ఈ అంకెలు ప్రయోగశాలవని మరిచిపోకూడదు. ఇంట్లో ఆయుష్షు తేల్చేవి దుమ్ము, నూలు పీచు, ఒలికిన చాయ్.

ఆ చాయ్ సంగతి వస్తే మెంబ్రేన్‌దే పైచేయి. పొరల మధ్య మూసి ఉన్న గీతల దాకా నీరు చేరడం కష్టం. కింద నీరు కారిపోయే రంధ్రాలున్న రకాలైతే తిరగేసి ఆరబెడితే చాలావరకు బతుకుతాయి. మెకానికల్‌లో చక్కెర పాకం స్విచ్ లోపలికి దిగితే మీట అతుక్కుంటుంది. కాకపోతే అతుక్కున్నది ఒక్కటే. దాన్ని పీకి వేరొకటి పెట్టొచ్చు. టంకం అక్కర్లేకుండా స్విచ్‌లు ఊడబీకి మార్చుకునే ‘హాట్ స్వాప్’ రకాలు ఇప్పుడు రెండు, మూడు వేలలోనూ దొరుకుతున్నాయి. మెంబ్రేన్‌లో ఒక గీత తెగితే ఒక వరుసో నిలువో మొత్తం మూగబోతుంది, కీబోర్డు చెత్తబుట్టకు పోతుంది. మగ్గంలో ఒక భాగం అరిగితే ఆ భాగాన్నే మార్చే అలవాటున్న ఇంట్లో ఈ వాదన చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇన్‌స్క్రిప్ట్‌లో మరో సుగుణం సూరత్ తెలుగు పిల్లలకు ప్రత్యేకంగా పనికొస్తుంది. ఇంగ్లీషు ‘కె’ మీట తెలుగులో ‘క’, గుజరాతీలోనూ క, హిందీలోనూ క. భారతీయ లిపులన్నిటికీ ఒకే పటం. బడిలో తెలుగు, వీధిలో గుజరాతీ, పరీక్షలో హిందీ అయిన పిల్లకు వేళ్లు ఒక్కసారి నేర్చుకుంటే మూడు లిపులూ వచ్చేస్తాయి. మీటల మీద తెలుగు అక్షరాలు లేవనే దిగులు అనవసరం. చూడకుండా కొట్టడమే కదా నేర్చుకోవాల్సింది. అనూ ఫాంట్లతో, ‘ఆపిల్’ అమరికతో పనిచేసే డీటీపీ సెంటర్లో చేరాలనుకుంటే మాత్రం ఈ లెక్క చెల్లదు. అక్కడి పటం వేరు. అది వేరుగా నేర్వాల్సిందే.

మంచి కీబోర్డు కొంటే వేగం పెరుగుతుందా? అమ్మేవాళ్లు పెరుగుతుందనే అంటారు. ఫిన్లండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు కేంబ్రిడ్జి వారితో కలిసి 2018లో ప్రకటించిన అధ్యయనంలో 1,68,000 మంది టైపింగ్‌ను, 13 కోట్ల 60 లక్షల నొక్కులను పరిశీలించారు. సగటు వేగం నిమిషానికి 52 పదాలుగా తేలింది. వేగంగా కొట్టేవారిని మిగతావారి నుంచి విడదీసిన లక్షణాల్లో ముఖ్యమైనది ఒకటుంది. వాళ్లు మొదటి మీట వదలకముందే రెండో మీట నొక్కేస్తారు. తబలా వాయించినట్టన్నమాట. ఈ ఒడుపు సాధనతో వచ్చేది, దుకాణంలో దొరికేది కాదు. కీబోర్డు చేయగలిగిందల్లా దానికి అడ్డుపడకుండా ఉండటమే.

చవక మెంబ్రేన్ అడ్డుపడేది ఇక్కడే. మీటలన్నీ లోపల అడ్డం, నిలువు గీతల వలలాగా కలిసి ఉంటాయి. పడుగు, పేక అనుకోవచ్చు. ఏ పడుగూ ఏ పేకా కలిశాయో చూసి కంప్యూటర్ అక్షరాన్ని గుర్తిస్తుంది. ఒక దీర్ఘచతురస్రపు మూడు మూలల మీటలు ఒకేసారి నొక్కితే నాలుగో మూల కూడా నొక్కినట్టే దానికి కనిపిస్తుంది. ఆ దయ్యపు అక్షరం పడకుండా చవక కీబోర్డులు మూడో మీటనే పట్టించుకోవడం మానేస్తాయి. ప్రతి మీటకూ ఒక డయోడ్ పెడితే ఈ చిక్కు ఉండదు. మంచి మెకానికల్‌లలో పెడతారు. మామూలు టైపింగ్‌లో మూడు మీటలు ఒకేసారి కిందుండటం తక్కువే. ఆటలో అలా కాదు. ముందుకు పరుగెత్తుతూ, పక్కకు జరుగుతూ, వంగి, ఎగరాలంటే నాలుగు మీటలు. పాత ఇంటర్నెట్ సెంటర్లలో కౌంటర్‌స్ట్రైక్ ఆడినవారికి సరిగ్గా గోడ దూకే క్షణంలో మనిషి బిగుసుకుపోవడం అనుభవమే. నెట్ స్లో అని సెంటర్ యజమానిని తిట్టిపోసిన సందర్భాల్లో కొన్నైనా ఈ మూడో మీట చలవే అయి ఉంటాయి.

అలాగని ఆటకు మెకానికల్ తప్పనిసరి అనడానికి లేదు. ‘యాంటీ గోస్టింగ్’ అని రాసి ఉన్న మెంబ్రేన్ రకాల్లో ఆటకు వాడే మీటల వరకు ఈ చిక్కు రాకుండా గీతలు అమరుస్తారు. ఏడెనిమిది వందల నుంచే దొరుకుతాయి. ఇక మిల్లీసెకన్ల ప్రచారం సంగతి. 2017లో ఒక అమెరికన్ ఇంజినీర్ రెండు డజన్లకు దగ్గరగా కీబోర్డులు తెచ్చి, వేలు కదలడం మొదలైనప్పటి నుంచి కంప్యూటర్‌కు సంకేతం చేరేదాకా కొలిచాడు. ఫలితాలు 15 మిల్లీసెకన్ల నుంచి 60 దాకా వచ్చాయి. అన్నిటికన్నా ముందు నిలిచింది ‘గేమింగ్’ ముద్ర ఉన్నది కాదు, ఆపిల్ వారి పల్చటి కీబోర్డు. మీట కిందికి దిగాల్సిన దూరమే తక్కువైతే సమయం కూడా తక్కువే పడుతుంది మరి. కంటికి కనిపించినదానికి వేలు స్పందించడానికే మనిషికి 200 మిల్లీసెకన్ల వరకు పడుతుంది. 60 హెర్ట్జ్ మామూలు తెర ఒక్కో బొమ్మ మార్చడానికి దాదాపు 17 తీసుకుంటుంది. ఆ తెర ముందు కూర్చుని వెయ్యి హెర్ట్జ్ కీబోర్డు కొనడం ఎడ్లబండికి విమానం చక్రాలు బిగించడమే.

పోటీల స్థాయిలో ఆడేవారికి లెక్క వేరు, కాదనలేం. మీట ఎంత లోతులో ఉందో అయస్కాంతంతో కనిపెట్టే ‘హాల్ ఎఫెక్ట్’ కీబోర్డులు కొన్నేళ్లుగా వాళ్ల బల్లల మీదకు చేరాయి. ఎడ్విన్ హాల్ ఆ సూత్రాన్ని కనుగొన్నది 1879లో. వేలు కొద్దిగా పైకి లేవగానే మీట వదిలినట్టు లెక్కించడం వీటి ప్రత్యేకత. దానికి తోడు కుడి, ఎడమ మీటలు రెండూ నొక్కితే చివర నొక్కినదాన్నే తీసుకునే ‘స్నాప్ ట్యాప్’ వంటి వెసులుబాట్లు 2024లో వచ్చాయి. ఇది ఆట కాదు, యంత్రం ఆడుతున్నట్టని ఆ ఆగస్టులోనే వాల్వ్ సంస్థ కౌంటర్‌స్ట్రైక్ 2లో వాటిని నిషేధించింది. వేలకు వేలు పోసి కొన్నవారికి ఆ వెసులుబాటు ఆ ఆటలో అక్కరకు రాకుండా పోయింది. ఇంట్లో ఆడుకునే కుర్రాడికి ఆ డబ్బుతో మంచి మౌస్, కాస్త మెమరీ కొనిపెడితే ఎక్కువ మేలు.

పరీక్ష దగ్గరకొస్తే ఇలా తేలిగ్గా తీసుకునేందుకు లేదు. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ ఇంటర్ స్థాయి నియామకాల్లో క్లర్కు పోస్టుకు నిమిషానికి ఇంగ్లీషులో 35, హిందీలో 30 పదాల వేగం కావాలి. అంటే గంటకు 10,500, 9,000 నొక్కులు. పరీక్ష పది నిమిషాలు. ఇంగ్లీషుకైతే 1,750 నొక్కులు, ఇంటిల్లిపాదీ ఏళ్లుగా ఎదురుచూసే పది నిమిషాలు. ఇంట్లో ఏడాదిపాటు మెత్తటి మీటల మీద వేళ్లు జార్చిన అమ్మాయికి కేంద్రంలో గట్టి స్ప్రింగుల కీబోర్డు ఎదురైతే మొదటి రెండు నిమిషాలూ తడబాటే. అటుదిటైనా అంతే. కాబట్టి సొంత కీబోర్డు తెచ్చుకోనిస్తారో లేదో నోటిఫికేషన్‌లో ముందే చదవాలి. అక్కడ ఏది ఇస్తారో తెలియనప్పుడు పరీక్షకు ముందు నెల రోజులు కోచింగ్ సెంటర్లోనో స్నేహితుల ఇంట్లోనో రెండో రకం మీద కూడా కొట్టి చూడాలి. కొనే నిర్ణయం కంటే ఈ జాగ్రత్తకే మార్కులు ఎక్కువ. ఇది ఉచితం కూడా.

ఇక నిద్ర. మగ్గాల షెడ్డులో మోత 90 డెసిబెల్స్ దాటడం మామూలే. ఎనిమిది గంటల పనికి మన ఫ్యాక్టరీల నిబంధనల పరిమితి అదే. అంత మోతలో పన్నెండు గంటలు గడిపినవాడికి కీబోర్డు చప్పుడు ఒక లెక్కా అనిపించొచ్చు. కానీ ఏకధారగా సాగే మోతకు మనిషి నిద్ర అలవాటు పడగలదు. ఆగి, మళ్లీ మొదలై, ఉన్నట్టుండి ఊపందుకునే టకటకకు అలవాటు పడటం కష్టం. రైల్లో నిద్రపట్టి, ఇంట్లో కుళాయి చుక్కలకు మెలకువ రావడం లాంటిదే ఇది. పగటి నిద్ర పలచన. తెల్లారి ఏడింటికి వచ్చి పడుకున్న తండ్రి పక్కన బ్లూ స్విచ్‌ల మీద సాధన మొదలైతే, ‘జర ఆ టకటక బంద్ చెయ్ బిడ్డా’ అనే మాట ఇవాళ కాకపోతే రేపు వస్తుంది. అప్పుడు ఆగిపోయేది చప్పుడు కాదు, సాధన. ఆ ఇంట్లో నాలుగు వేల కీబోర్డు మూలన పడి ఉంటే దానికన్నా మూడొందల మెంబ్రేన్ నయం.

అందుకని ఇక్కడ తీర్పు సమీక్షలు చెప్పే వరుసలో ఉండదు. టైపింగే జీవనాధారం కాబోతుంటే, మెకానికల్‌కే వెళ్లాలి. డబ్బు తిరిగొచ్చేది అందులోనే. కానీ గది ఒక్కటే అయితే బ్లూ వద్దు. రెడ్ గానీ, ‘సైలెంట్’ అని అమ్మే స్విచ్‌లున్న హాట్ స్వాప్ రకం గానీ తీసుకోవాలి. టీవీఎస్ గోల్డ్ మీద ఎంత ప్రేమ ఉన్నా అది ఆఫీసు బల్లకు తగినది, నిద్రపోతున్న మనిషి పక్కకు కాదు. రెడ్ మీటనైనా అడుగుకంటా బాదితే చప్పుడు తప్పదు. అక్షరం సగంలోనే పడుతుంది కాబట్టి వేలిని అక్కడే ఆపడం నేర్చుకోవాలి. దానికి రెండు, మూడు వారాలు పడుతుంది. కింద నాలుగు మడతల గుడ్డ పరిస్తే బల్ల మోగదు. సూరత్‌లో గుడ్డకు కొదవేముంది. పరీక్ష ఒక్కటే లక్ష్యమై, డబ్బుకు ఇబ్బందైతే, గట్టి మెంబ్రేన్ కొని ఆ ధ్యాస సాధన మీద పెట్టాలి. ఆట కోసమే అయితే యాంటీ గోస్టింగ్ మెంబ్రేన్ చాలు. మెకానికల్ కావాలనే పేచీ వచ్చినా సరే.

ఆన్‌లైన్‌లో దీపాల బొమ్మలు చూసి కొనేకంటే దుకాణంలో పెట్టె విప్పించి ఐదు నిమిషాలు నొక్కి చూడటం మేలు. నోట్‌ప్యాడ్ తెరిచి, షిఫ్ట్ పట్టుకుని, క్యూ, డబ్ల్యూ, ఇ ఒకేసారి నొక్కితే మూడూ పడుతున్నాయా చూడాలి. స్పేస్ బార్‌ను మధ్యలో కాకుండా రెండు చివర్ల నొక్కాలి. చవకవి అక్కడే బిగుసుకుంటాయి. ఆ తర్వాత ‘స్త్రీ’ అని ఓ ఇరవై సార్లు వేగంగా కొట్టి, ఎన్నిసార్లు ఒత్తు తప్పిందో లెక్కపెట్టాలి. దుకాణదారు వింతగా చూస్తే చూడనివ్వాలి.